కాశీశ్వరి పాత పళ్ళు

నేను ఒక సుద్ద నోటిని. పై వరస ఒకటి, కింది వరస ఒకటి, రెండు ముక్కలు. కలిపి పెడితే మూసిన నోరు, విడదీస్తే తెరిచిన నోరు. నాలుక లేదు, పెదవులు లేవు. ఇరవై ఎనిమిది పళ్ళున్నాయి గాని వాటిలో ఒక్కటీ నా సొంతం కాదు. అన్నీ కాశీశ్వరివి.

అంతకు ముందు నేను రాయిని. భూమిలో ఎన్నాళ్ళున్నానో నాకు తెలియదు. తవ్వారు, పిండి కొట్టారు, కాల్చారు, సంచులకెత్తారు. అక్కడినుంచి తలా ఒక దారి అయింది మాకు. కొంత పిండి విరిగిన కాళ్ళకు కట్టయింది. కొంత వినాయకుడయి, నాలుగు రోజులు కొబ్బరికాయలు కొట్టించుకుని, నీళ్ళలో కరిగింది. చాలా భాగం బడుల్లో సుద్దముక్కలయింది. నేనున్న సంచి పట్నంలో పళ్ళ డాక్టర్లకు చదువు చెప్పే కాలేజీకి వచ్చింది.

కాశీశ్వరిది మార్కాపురం పక్క పల్లె. తండ్రి గాలయ్య పలకల ఫ్యాక్టరీలో రాయిని పొరలు పొరలుగా చీల్చే పనివాడు. నేను పుట్టిన నాటికి ఆ పిల్లకు పంతొమ్మిదేళ్ళు, టీచరు ట్రైనింగులో కొత్తగా చేరింది. పళ్ళ కాలేజీ వాళ్ళు ఊళ్ళో శిబిరం పెట్టినప్పుడు ఆమె నోరు చూసి, పట్నం రమ్మని చీటీ రాసిచ్చారు.

సుగుణ అనే డాక్టరమ్మ ఒక ఇనప పళ్ళెంలో గులాబి రంగు ముద్ద పెట్టి ఆమె నోట్లో అదిమింది. "ముక్కుతో ఊపిరి తీసుకో అమ్మా. వాంతొచ్చేటట్టుంటే కాలివేళ్ళు ఆడించు," అంది. కాశీశ్వరి కాలివేళ్ళు ఆడిస్తూనే ఉంది. ముద్ద గట్టిపడ్డాక బయటికి లాగితే, పళ్ళున్న చోటల్లా గుంటలు. రబ్బరు గిన్నెలో నన్ను నీళ్ళతో కలిపి ఆ గుంటల్లో పోశారు.

తడిసిన సుద్ద గట్టిపడేటప్పుడు దానంతటదే కాగుతుంది. కింద మంట ఉండదు, పైన ఎండ ఉండదు. మనిషికి జ్వరం వచ్చినట్టే. ఆ జ్వరంలోనే ఆమె నోరు నాకు తెలిసింది. ముందు పళ్ళు రెండూ కత్తెర వేసుకుని ఉన్నాయి. కుడి కోరపన్నుకి చోటు చాలక, బస్సులో సీటు దొరకనివాడు టాపెక్కినట్టు, చిగుళ్ళ మీదికెక్కి కూర్చుంది. ఎడమ పక్క పన్నొకటి లోపలికి తప్పుకుంది. కింది వరస సంతలో జనం మాదిరి ఒకరి భుజం మీద ఒకరు. ఇవి వంకరని నాకు తెలియదు. నేను చూసిన నోరు అదొక్కటే. గుట్టలు ఎట్లా నిలబడ్డాయో అట్లా నిలబడ్డాయి అనుకున్నాను.

చల్లారాక నన్ను ఆమె చేతిలో పెట్టారు. అద్దంలో చూసుకోవడం వేరు. అద్దం ముందు మనిషి మూతి సర్దుకుంటుంది. సుద్ద సర్దుకోదు.

"ఇవి నాయేనా?" అంది.

"నీయే," అంది డాక్టరమ్మ.

కాశీశ్వరి నన్ను బల్ల మీద పెట్టి, ముఖం గోడవైపుకి తిప్పింది. మా తొలి పరిచయం అది.

నా వెనక నాలుగువందల పన్నెండు అని నంబరు రాసి అలమరలో పెట్టారు. నా చుట్టూ వందల నోళ్ళు. ఒక్కటీ మాట్లాడదు. నెలకొకసారి కాశీశ్వరి వచ్చేది. అప్పుడు నన్ను దించి, ఆమె పక్కన పెట్టి, పన్ను ఎంత కదిలిందో చూసేవాళ్ళు. ఆమె పళ్ళకు తీగ కట్టారు. వెంట్రుక కంటే కాస్త లావు, అంతే. ఆ తీగ పన్నుని లాగుతుంది. పన్ను ఎముకలో నడుస్తుంది. ముందున్న ఎముక కరిగి దారి ఇస్తుంది, వెనక కొత్త ఎముక పూడుతుంది. నెలకొక ఆవగింజంత దూరం. ఒక రాయి నుంచి పుట్టిన నాకు ఇది ఎన్ని సార్లు చూసినా నమ్మకం కుదిరేది కాదు. నేను ఎక్కడ పోస్తే అక్కడే ఉన్నాను. ఆమె మాత్రం లోపల్లోపల కదులుతోంది, అన్నం తింటూ, నిద్రపోతూ, బస్సులో వేలాడుతూ.

గాలయ్య ప్రతి నెలా కూతురి వెంట వచ్చేవాడు. గదిలోకి రాడు. గుమ్మం దగ్గర తువ్వాలు భుజాన వేసుకుని నిలబడతాడు. కుర్చీ చూపిస్తే తల ఊపుతాడు, కూర్చోడు. రెండేళ్ళలో నేను ఆయన నోట విన్న మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఒక నెల వాళ్ళమ్మ కూడా వచ్చింది, కాశీశ్వరికి అవ్వ. మనవరాలి నోరు చూసి చెంపలు వాయించుకుంది.

"ఏందే తల్లీ ఇది! ఎద్దుకి ముకుతాడేసినట్టు నోటికి తీగలు గట్టారు!" డాక్టరమ్మ వైపు తిరిగి, "అంతా నా కొడుకు తెలివి లేనితనం అమ్మా. ఈ పిల్లకి తొలి పన్ను ఊడినప్పుడు నేను ఊళ్ళో లేను, కోడలు మిరపకాయ కోతలకి పొయ్యింది. పన్ను యాడేశావురా అని అడిగితే, ఇంటి మీదనే ఏశాన్లే అంటాడు. ఇంటి మీద ఏస్తే ఉడత మంచి పన్ను ఇయ్యదా? ఇట్టా వస్తాయా?"

డాక్టరమ్మ నవ్వింది. "అవ్వా, దవడ చిన్నది, పళ్ళు పెద్దవి. ఒకరి దవడ, ఇంకొకరి పళ్ళు వచ్చాయి మీ పిల్లకి. అంతే."

అవ్వ ఒప్పుకోలేదు. గాలయ్య నేల చూస్తున్నాడు. డాక్టరమ్మ చెప్పింది ఆయనకు వినపడిందో లేదో నాకు తెలియదు. ఆ ముఖం చూస్తే, తప్పు తనకి తెలుసు, ఈ చదువుకున్నావిడకి తెలియదు అన్నట్టుంది.

కుర్చీలో పడుకుని కాశీశ్వరి అప్పుడొకటి ఇప్పుడొకటి చెప్పేది. బళ్ళో మగపిల్లలు ఆమెకి కొడవలి అని పేరు పెట్టారు. పదో తరగతి గ్రూపు ఫోటోలో ఎత్తు తక్కువైనా వెనక వరసలో నిలబడి, ముందున్న పిల్ల భుజం వెనక మూతి దాచుకుంది. హాస్టల్లో గోడవైపు తిరిగి అన్నం తింటుంది. జోకు విని అందరూ నవ్వితే, ఆమె ముందు చెయ్యి చూసుకుంటుంది, తర్వాత నవ్వుతుంది. ఏ చెయ్యి ఖాళీగా ఉంటే ఆ చెయ్యి నోటికి అడ్డం వెళ్ళాలి. రెండు చేతుల్లోనూ పుస్తకాలుంటే ఇక నవ్వదు.

బడిలో పాఠం చెప్పే ప్రాక్టీసు మొదలయ్యాక కష్టం ఎక్కువైంది. చేతిలో సుద్దముక్క ఉంటుంది, ఆ చెయ్యే నోటికి అడ్డం పోతుంది. పాఠం అయ్యేసరికి పెదవి మీద, ముక్కు కింద తెల్లగా మీసం. పిల్లలు సుద్ద టీచరు అనేవాళ్ళట. ట్రైనింగు కాలేజీ మస్తాన్ మాస్టారు అందరి ముందూ అన్నాడట: "కాశీశ్వరీ, నీ మాట నీ చేతికి ఇనపడి ఏం లాభం? ఎనక బెంచీకి ఇనపడాల. చివరి పాఠంలో కూడా ఇట్టనే చెప్పినావంటే పాస్ చెయ్యను. నా కూతురైనా చెయ్యను."

ఆమె పెదవికంటిన ఆ పొడి మా వాళ్ళదే. నేను అలమరలో కూర్చుని, మా వాళ్ళెవరో అంత దగ్గరికి వెళ్ళారే అనుకున్నాను.

రెండేళ్ళు పూర్తయ్యాయి. తీగ విప్పారు. మళ్ళీ ముద్ద పెట్టి, మళ్ళీ సుద్ద పోసి, నాకొక తమ్ముణ్ణి చేశారు. వాడు చక్కనివాడు, వరస చెడని వాడు. మనుషుల పద్ధతి చూడండి. ముందు తప్పుని అచ్చుపోస్తారు, తర్వాత అసలుని దిద్దుతారు, చివరికి రెండింటికీ నంబర్లు వేసి దాస్తారు.

డాక్టరమ్మ అద్దం ఇచ్చింది. కాశీశ్వరి చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పెదవులు విడివడ్డాయి, నవ్వు వచ్చింది. వెంటనే కుడిచెయ్యి లేచి నోటికి అడ్డం వెళ్ళింది.

"చెయ్యి తియ్యమ్మా, ఇంకేముంది దాచడానికి," అంది డాక్టరమ్మ.

తీసింది. మళ్ళీ నవ్వొచ్చింది. మళ్ళీ చెయ్యి లేచింది. ఆమె తన చెయ్యిని తానే వింతగా చూసుకుంది, ఎవరిదో అన్నట్టు. పళ్ళకు తీగ కట్టగలిగారు గాని, ఆ చేతికి కట్టే తీగ ఈ అలమరల్లో ఎక్కడా లేదు.

"సోమవారం చివరి పాఠం," అంది కాశీశ్వరి నేల చూస్తూ. "ఒకటో తరగతికి. మన నోరు, మన పళ్ళు."

అప్పుడే గుమ్మం దగ్గర గొంతు సవరించిన చప్పుడయింది. గాలయ్య లోపలికి వచ్చాడు. రెండేళ్ళలో మొదటిసారి.

"అమ్మా, ఆ పాత పళ్ళు మాకిత్తారా?"

"ఎందుకు నాయనా?" అని కూతురు సిగ్గుపడిపోయింది. ఆయన భుజం మీది తువ్వాలు తీసి చాపాడు. కాలేజీ వాళ్ళు ఇప్పుడు కంప్యూటర్లో పళ్ళ బొమ్మలు దాచుకుంటున్నారు గనక మా అవసరం తగ్గిపోయింది. డాక్టరమ్మ పెద్దవాళ్ళని అడిగొచ్చి నన్ను ఇచ్చేసింది. గాలయ్య నన్ను తువ్వాల్లో చుట్టి, పసిబిడ్డని పట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాడు.

మర్నాడు ఆదివారం. తెల్లవారి వెలుగు రాగానే ఆయన ఇంటి గోడకి నిచ్చెన వేశాడు. నన్ను తువ్వాల్లోంచి తీశాడు. నేను ఆకాశం చూడటం అదే మొదలు. దానికి అలమర లేదు, తలుపు లేదు, ఏ మూలా నంబరు లేదు. ఎంత చూసినా గోడ తగలకపోతే నాకు భయం వేసింది. గాలయ్య జేబులోంచి తుప్పు పట్టిన చిన్న రేకు డబ్బా తీశాడు, ఒకప్పుడు బీడీలు పెట్టుకున్నది. మూత తీస్తే అడుగున బియ్యపుగింజంత పన్ను. పసుపు తిరిగింది.

"నాయనా! పొద్దన్నే నిచ్చెనేందీ? ఏం చేస్తన్నావ్?" కాశీశ్వరి వాకిట్లోకి వచ్చింది.

ఆయన నిచ్చెన మూడో మెట్టు మీద ఆగిపోయాడు. డబ్బా దాచబోయాడు. ఆ పిల్ల చూసేసింది.

"ఎవరిది ఆ పన్ను?"

డబ్బా ముందుకు చాపి అన్నాడు: "నీదే. తొలి పన్ను."

"ఇంటి మీద ఏశానన్నావే అవ్వతో?"

"ఆ పొద్దు ఇంటికి కప్పు లేదమ్మా. పాత బోదగడ్డి విప్పేసినాం, రేకులు ఇంకా రాలా. కప్పు లేకుండా దేని మీద ఎయ్యను? రేకులేసినాక ఏద్దామని డబ్బాలో పెట్టినా. రేకులొచ్చేతలికి పది దినాలయింది. అప్పటికే నీకు కొత్త పన్ను వచ్చేసింది. పక్కకి తిరిగి వచ్చింది." ఆగి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఇంక ఏసి ఏం లాభంలే అనుకున్నా. తర్వాత పన్ను, ఆ తర్వాత పన్ను, అన్నీ అట్టనే వచ్చినాయి. నా వల్లనే. నువ్వు మూతికి చెయ్యడ్డం పెట్టుకున్నప్పుడల్లా నాకు ఈ డబ్బా గుర్తొచ్చేది."

ఇన్నేసి మాటలు ఆయన నోట ఇంట్లో ఎవరూ విని ఉండరు.

"ఇప్పుడు ఇదీ, ఆ సుద్ద పళ్ళూ రెండూ ఇంటి మీద ఏసేస్తా. ఆ వంకరయి ఎనక్కి ఇచ్చేసినట్టుంటది."

కాశీశ్వరి నిచ్చెన కింద మెట్టు మీద కూలబడింది. దవడ చిన్నది, పళ్ళు పెద్దవి అని డాక్టరమ్మ చెప్పింది ఆమెకి తెలుసు. ఆ మాట చెప్పబోయి, తండ్రి చేతుల్లో డబ్బా చూసి ఊరుకుంది. ఆమె ఒక్కతే మోస్తున్నాననుకున్న బరువు ఇంకొకరు కూడా పదిహేనేళ్ళుగా జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు. నెలకొక రోజు పని మానుకుని, గుమ్మం దాటకుండా నిలబడింది ఇందుకు.

"నాయనా," అంది చివరికి, "సుద్ద పళ్ళు రేపటికి నాకియ్యి. పిల్లలకి చూపిస్తా. పాఠం అయినాక నీ ఇష్టం."

గాలయ్య నిచ్చెన దిగాడు. "అయితే రెండూ రేపే ఏస్తా, కలిపి," అని డబ్బా మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

సోమవారం నన్ను ఒకటో తరగతి బల్ల మీద పెట్టారు. గాలయ్య మోపెడ్ మీద దింపి, పని చూసుకోకుండా బడి ప్రహరీ అవతలే నిలబడ్డాడు. కిటికీలోంచి ఆయన తువ్వాలుతో చుట్టిన తలపాగా నాకు కనపడుతోంది. వెనక బెంచీలో మస్తాన్ మాస్టారు, చేతిలో పెన్ను. ముందు ఇరవై రెండు మంది పిల్లలు.

ఆ నోళ్ళు చూసి నేను బిత్తరపోయాను. ఒకడికి ముందు రెండూ లేవు. ఒకదానికి కింద మూడు లేవు. ఒకడికి సగం మొలిచిన పన్ను, రంపంలాగా అంచుతో. ఒక్క నోరూ సరిగ్గా లేదు, ఒక్క చెయ్యీ అడ్డం లేదు. ఆ సందుల్లోంచే పాటలు పాడుతున్నారు, జామకాయలు కొరుకుతున్నారు, పక్కవాడి మీద చాడీలు చెబుతున్నారు.

కాశీశ్వరి మొదలుపెట్టింది. సుద్ద పట్టిన చెయ్యి నోటి దగ్గరికి వెళ్ళింది. పెదవి మీద తెల్లటి గీత పడింది.

"ఇనపడలా టీచరూ!" అన్నాడొకడు. మాస్టారు పెన్ను మూత తీశాడు.

ఆమె నన్ను పైకెత్తింది. "ఇవి ఎవరి పళ్ళు?"

"దెయ్యానియి!"

"కాదు, మొసలియి!"

కాశీశ్వరి నన్ను తన ముఖం పక్కన పెట్టుకుంది. "నాయి," అంది.

"అబద్ధం! ఏదీ చూపీ!" అంది ముందు వరసలో జెస్సీ అనే పిల్ల. కాశీశ్వరి చెయ్యి దించి, ఒక్క క్షణం పళ్ళు చూపి, మళ్ళీ మూసేసింది. ఒక్క క్షణమే.

జెస్సీ అప్పటిదాకా నాలుకతో ఒక పన్నుని తోసుకుంటూనే ఉంది. టీచరు నోరు చూసి ఉత్సాహం వచ్చిందో ఏమో, రెండు వేళ్ళతో పట్టి ఒక్క గుంజు గుంజింది. "టీచరూ, ఊడిందీ!" నెత్తురు కారుతున్న నోటితో, ఏదో గెలిచినట్టు, పన్నుని పైకెత్తి చూపింది.

"ఇంటి మీద ఎయ్యాల! ఇంటి మీద ఎయ్యాల!" తరగతంతా లేచింది.

"మా ఇల్లు దూరం," అంది జెస్సీ. మొహం మాడింది. "జేబీలో ఏసుకుంటా."

జేబు అన్న మాటకి కాశీశ్వరి ఉలిక్కిపడింది. కిటికీలోంచి తలపాగా చూసింది. మాస్టారి వైపు చూసింది. "వద్దు, జేబులో వద్దు. పదండి బయటికి," అంది.

ఒకడు నన్ను చంకన పెట్టుకుని పరిగెత్తాడు. బడి మీద సిమెంటు కప్పు, చుట్టూ పిట్టగోడ. జెస్సీ విసిరింది. పన్ను గోడకి తగిలి కింద పడింది. ఇరవై రెండు మందీ దుమ్ములో వెతికి దొరకబుచ్చుకున్నారు. మళ్ళీ విసిరింది. మళ్ళీ పడింది. "నువ్వెయ్యి టీచరూ!"

కాశీశ్వరి పన్ను తీసుకుంది. రెండడుగులు వెనక్కి వేసింది. ఇన్నేళ్ళూ నోటి దాకా లేచి ఆగిన ఆ కుడిచెయ్యి ఈసారి నోటి దగ్గర ఆగలేదు. తల దాటి, ఇంకా పైకి వెళ్ళింది. "ఉడతా! పాతది నీకు, కొత్తది మాకు!" అని అరిచింది. రోడ్డు మీద పోతున్న గొర్రెలు తలెత్తాయి. పన్ను పిట్టగోడ దాటింది.

పిల్లల కేకలు ఇంకా ఆగలేదు. ప్రహరీ అవతల గాలయ్య డబ్బా మూత తీశాడు. ఆయన చెయ్యి రాళ్ళకలవాటు పడ్డది, గురి తప్పలేదు. రెండో పన్ను మా అందరి తలల మీదుగా వెళ్ళి కప్పు మీద పడింది. టిక్కుమంది. అంత చిన్న చప్పుడు.

కాశీశ్వరి చూసింది. తండ్రి ఖాళీ డబ్బాని తిరగేసి తడుతున్నాడు. ఆమెకి నవ్వొచ్చింది. రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి. రెండూ కిందికే ఉన్నాయి. ఆ నవ్వు కడుపులోంచి వచ్చింది, భుజాలు కదిలాయి, కళ్ళు మూసుకుపోయాయి, నోరంతా ఎండకి తెరుచుకుంది. ఆ నోటి ప్రతి మలుపూ నాకు తెలుసనుకున్నాను. ఇది నాకు తెలియదు. నన్ను పోసిన నాడు ఇది ఏ గుంటలోనూ లేదు.

మస్తాన్ మాస్టారు దగ్గరికి వచ్చాడు. "పాఠం ప్లానులో ఇది రాయలేదే?"

"లేదు సార్."

"ఊఁ. గొంతు మాత్రం రోడ్డు దాకా ఇనపడింది," అని ఏదో రాసుకుని వెళ్ళాడు.

గాలయ్య నా కోసం చెయ్యి చాపాడు. "ఇది ఉండనీ నాయనా," అంది కాశీశ్వరి. "పిల్లలకి పనికొస్తది." ఆయన కూతురి నోటినీ నన్నూ మార్చి మార్చి చూసి, సరేనని తల ఊపి, తలకు చుట్టిన తువ్వాలు విప్పి భుజాన వేసుకున్నాడు.

ఇప్పుడు నేను ఒక బడి అలమరలో ఉన్నాను. కాశీశ్వరి టీచరు ఏటా ఒకటో తరగతికి నన్ను దించుతుంది. నా చిగుళ్ళ మీదికెక్కిన కోరపన్ను కొన పోయింది, ఎవరో పిల్లవాడు కొరికి చూశాడు. నా పక్కనే సుద్దముక్కల పెట్టె. మేమంతా ఒకే రాయి. రోజూ పొద్దున ఆమె వచ్చి, ఆ పెట్టెలోంచి ఒకటి తీసుకుని వెళ్తుంది. సాయంత్రం అలమర తాళం వేయడానికి వచ్చినప్పుడు నేను ఆమె ముఖం చూస్తాను. వేళ్ళు తెల్లగా ఉంటాయి. చీర కొంగు తెల్లగా ఉంటుంది. పెదవి మీద మాత్రం మా వాళ్ళ పొడి రవ్వంత కూడా ఉండదు.